వార్డెనమ్మ లాగిన్

భద్రాచలంలో మా గిరిజన సంక్షేమ ఆఫీసులో హాస్టల్ వార్డెన్లకు సొంత పేర్లుండేవి కావు. పనిచేసే ఊరి పేరుతోనే పిలిచేవాళ్లం. ఫోనెత్తితే "ఏ ఊరు?" అని అడగడమే గాని "ఎవరు?" అన్నవాళ్లను నేను చూడలేదు. రెండువేలు దాటిన కొన్నేళ్లకు హాస్టళ్లకు బియ్యం, పప్పు ఎంత కావాలో అడిగే ఇండెంట్లు కంప్యూటర్లో పెట్టాలన్నప్పుడు లాగిన్లు కూడా అలాగే ఇచ్చారు. ఊరి పేరు కొట్టు, పాస్‌వర్డ్ కొట్టు, లోపలికి పో. ఆ ప్రోగ్రాం చూసుకోవడానికి కాంట్రాక్టు మీద చేరినదాన్ని నేను. నాకు ముక్కు మీద కోపమని చేరిన వారానికే అందరికీ తెలిసిపోయింది.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి ఒక వార్డెనమ్మకు గోదావరి ఒడ్డు హాస్టల్ నుంచి అడవి లోపలి హాస్టల్‌కు బదిలీ అయింది. ఆమె స్థానంలోకి వచ్చినాయన అదే ఊరి పేరుతో లాగిన్ అయి, పిల్లల సంఖ్యకు మించి బియ్యం అడిగాడు. సర్వర్‌కు తెలిసింది ఊరొక్కటే. దాని జాబితాలో ఆ ఊరికి ఎదురుగా ఇంకా ఉన్న పేరు ఆమెదే. మెమో ఆమెకు వెళ్లింది.

ఆమె బస్సెక్కి వచ్చి నా ఎదుట కూర్చుంది. సంజాయిషీ రాసిచ్చానని చెప్పింది. కొత్త హాస్టల్ ఇండెంటు మాత్రం పెట్టనంది. రేపు అక్కడి నుంచీ బదిలీ అయితే మళ్లీ ఇదే గోల కదా అని ఆమె భయం. శనివారంలోగా ఇండెంటు రాకపోతే సస్పెండ్ చేస్తానని ఆఫీసర్ గారు అప్పటికే చెప్పేశారు.

"నా పేరు నాకు ఇప్పియ్యి బిడ్డా. గప్పుడు ఎన్ని ఇండెంట్లయినా పెడత," అన్నది.

ఊరికి ఎదురుగా కొత్తాయన పేరు పెడితే సరిపోతుందనుకున్నాను. కానీ పెడితే ఆమె పాత ఇండెంట్లన్నీ ఆయన ఖాతాలో పడతాయి. పోనీ మనిషికో లాగిన్ ఇద్దామంటే, ఒకరికే రెండు హాస్టళ్ల ఇన్‌ఛార్జి ఉండడం మా దగ్గర మామూలు. అప్పుడు బియ్యం ఏ హాస్టల్‌కో తెలియదు. సర్వర్ మనిషినీ హాస్టల్‌నూ కలిపి గుర్తుపట్టాలి. హైదరాబాద్‌లో ఉన్న మా సీనియర్‌కు ఫోన్ చేస్తే, సర్వర్ తీసుకునేది పేరు, పాస్‌వర్డ్, ఈ రెండే, దాని జోలికి పోవద్దు అన్నాడు. పోవద్దు అనగానే నాకు ఒళ్లు మండింది. పోయాను.

లాగిన్ పేజీలో మూడో గడి పెట్టాను. ఒకదాంట్లో ఊరు, ఇంకోదాంట్లో ఉద్యోగి నంబరు. బటన్ నొక్కగానే ఆ రెండూ కలిసి ఒకే పేరై సర్వర్‌కు వెళతాయి. అక్కడ నేను రాసిన లాగిన్ మాడ్యూల్ వాటిని విడదీసి, పాస్‌వర్డ్ సరిచూసి, మనిషి పేరూ హాస్టలూ రెండూ ఉన్న కొత్త గుర్తింపు తయారుచేస్తుంది. చెబితే ఇంతే. చేసేటప్పుడు చుక్కలు కనిపించాయి. కరెంటు ఊరికే పోయేది. వచ్చాక సర్వర్ నేనిచ్చిన గుర్తింపును పక్కన పడేసి పాతదాన్నే పట్టుకొచ్చేది. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. శుక్రవారం మధ్యాహ్నానికి చూస్తే, సెట్టింగుల ఫైల్లో నా మాడ్యూల్ పాతదాని కింద ఉంది. సర్వర్ పైన ఉన్నదాని మాటే ముందు వింటుంది. పైకి జరిపాను. సర్వర్‌కు బుద్ధొచ్చింది.

శనివారం ఆమె వచ్చింది. ఎక్కువ అడిగిన బియ్యానికి సంజాయిషీ ఇవ్వడానికి ఆ కొత్తాయన కూడా వచ్చి ఉన్నాడు. ఆఫీసర్ గారు మా వెనక నిలబడ్డారు. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి బటన్ నొక్కింది. తెర మీద ఇంటిపేరుతో సహా ఆమె పూర్తి పేరు, పక్కన అడవిలోని హాస్టల్. ఆమె దాన్ని పైకి చదివింది. తర్వాత కొత్తాయనను కూర్చోబెట్టాను. పాత ఊరు కొడితే ఆయన పేరే వచ్చింది. ఆమె పెట్టిన పాత ఇండెంట్లు ఆమె పేరు మీదే ఉన్నాయి. ఎగిరి గంతేయాలనిపించింది. సీనియర్ తర్వాత అదే కోడ్ పంపమంటే, జోలికి పోవద్దన్నారు కదా సార్ అని ఒక పూటంతా ఏడిపించి పంపాను.

మెమో వెనక్కి తీసుకుంటున్నానని ఆఫీసర్ గారు అన్నారు. ఆమె అప్పటికే కొత్త హాస్టల్ ఇండెంటు కొడుతోంది. పూర్తి చేసి పంపాకే ఆయన వైపు తిరిగింది.

"ఇగ నా ఇండెంట్ల తప్పుంటే మెమో ఇయ్యుండ్రి సార్. తీసుకుంట."