ఇంకొకరు రావాలండీ

ఏలూరు నుంచి వెళ్లే మా యాత్రా బస్సులో ఆవిడ నాలుగోసారి ఎక్కింది. కొల్లేట్లో చేపల చెరువు పనికి వెళ్లే మనిషి. యాత్ర మేనేజర్ని కాబట్టి బస్సు కదిలే ముందు నేనే పేర్లు పిలుస్తాను. చివర్లో ఆవిడ ప్రతిసారీ మెల్లగా అంటుంది: "ఇంకొకరు రావాలండీ."

మొదటి యాత్రలో జైపూర్ కోట దగ్గర వాళ్లాయన పేరు పిలిచాను. మావైపు మొగుడి పేరు పిలిస్తే పెళ్లామే పలుకుతుంది. ఆయన వెనక మా వంట బియ్యం బస్తాల మీద పడుకున్నాడనుకుని, "ఎక్కేశారండీ" అంది. తలలు లెక్కపెట్టాల్సిన వాణ్ణి, నేనూ లేచి చూడలేదు. ఆయన బస్సులో లేడని భోజనాల వేళకి తెలిసింది. వెనక్కెళ్లి రెండు రోజులు వెతికాం. దొరకలేదు.

అప్పట్నుంచీ కాశీ అయినా, మైసూరు ప్యాలెస్ అయినా ఆవిడ వాళ్లాయన ఫొటో పట్టుకుని మనుషుల మొహాలే చూస్తుంది. కచోరీయో జిలేబీయో, అక్కడ దొరికేది రెండు పొట్లాలు కట్టించుకుంటుంది. రెండోది విప్పదు.

ఈసారి మళ్లీ అదే కోట. ఆవిడ పేరు పిలిస్తే పలకలేదు. ఎండకి విసిగిన ఎవరో వెనకనుంచి "ఎక్కేశారండీ, పోనివ్వండి" అన్నారు.

కిటికీలోంచి చూశాను. కోట మెట్ల మీద పొట్లం పట్టుకుని, దిగొచ్చే ప్రతి ముసలాయన్నీ ఆపుతోంది.

డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు.

"ఆపు బాబూ," అన్నాను. "ఇంకా ఇద్దరు రావాలి."