మా దీవెన ముద్ద మింగిన ఆదివారం

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకందరికీ నా వందనాలు! మైదుకూరు బస్టాండు పక్కన నాకొక చిన్న హోటలుంది, నా కారం దోసె తిన్నవాడు కర్నూలు చేరేదాకా నీళ్లు తాగుతూనే ఉంటాడు, దారిలో బోర్లు ఎండిపోయింది అందుకేనని గిట్టనివాళ్లంటారు. అలా ఊరంతటికీ పెట్టే నాకు, కన్నకూతురి నోట్లో నాలుగు మెతుకులు పెట్టడం చేతకాని చీకటి రోజులుండేవి! మా దీవెనకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. మెడ నిలవదు, నడుము నిలవదు, మా అమ్మ ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి పెడితే ప్రతి ముద్దకూ పొలమారేది, దగ్గి దగ్గి కళ్లు తేలేసేది, బిడ్డ చిక్కి మునగకాడలా అయిపోయింది.

"తండ్రీ, బిడ్డ లేచి నడవాల" అని మోకాళ్లూని ఎంతగా ప్రార్థించామంటే, మా ఇంట్లో కడప బండలకే గుంతలు పడ్డాయి! దేవుడు కాళ్లకు బదులు కుర్చీ పంపించాడు. తలకు ఆనుడు, నడుముకు బెల్టు, పాదాలకు పలక, ముందు కంచం పెట్టుకునే బల్ల ఉన్న కుర్చీ. "అన్నం దీంట్లో కూర్చోబెట్టే పెట్టండి" అని ఫిజియోథెరపీ మేడం మరీమరీ చెప్పి ఇచ్చింది.

కానీ మా ఇల్లు మీకు తెలుసు కదా, కొన్న వస్తువుకు కవరు తీయడం మా వంశంలో లేదు, మా ఫ్రిజ్జు ఇప్పటికీ కవరులోంచే చల్లబరుస్తోంది! కుర్చీని కవరుతోనే ముందుగదిలో పెట్టాం, చుట్టాలొచ్చి చూసి పోయేవారు. బెల్టులు చూసి మా అమ్మ మండిపడింది.

"ఏమప్పా, బిడ్డను కట్టేస్తారా? ఏం దొంగతనం చేసింది నా బంగారు?"

మేడం ఒకరోజు ఇంటికొచ్చి నడుముమీద చేతులు పెట్టుకుంది.

"ఏమన్నా, కుర్చీని బాగా కూర్చోబెట్టినారే! పాప యాడ?"

"ఒళ్లో ఉండాదిలేమ్మా, కుర్చీ మాసిపోతాది" అంది మా అమ్మ.

ఆ తర్వాతి ఆదివారమే, ఆరాధన నుంచి వచ్చి అన్నం పెడుతుంటే బిడ్డకు పొలమారింది సహోదరులారా, దగ్గు ఆగిపోయింది, పెదవులు నేరేడుపండ్లలా నల్లబడ్డాయి! నా భార్య మార్తమ్మ బిడ్డను బోర్లా తిప్పి వీపు తట్టింది, మెతుకు బయటపడింది, ఏడుపు వినబడింది. ఆ ఏడుపంత తీయని పాట నేనింతవరకూ వినలేదు!

మా అమ్మ లేచి, ఆ కవరును రెండు చేతులా చింపేసింది.

"ప్రభువా, మాసిపోతే మాసిపోనీ నాయనా! నా బిడ్డ గొంతులో మెతుకు దిగనీ!"

బిడ్డ కుదుటపడ్డాక మా అమ్మే బెల్టు పెట్టింది. దీవెన తల నిలిచింది. పప్పన్నం మెత్తగా పిసికి చెంచాడు పెట్టాం. గుటుక్కుమంది! నేను గోరంతను కొండంత చేసేవాణ్ణే, కానీ ఆ గుటకను పెంచి చెప్పడానికి నాకు మాటలు లేవు.

దీవెన ఇంకా నడవలేదు, అబద్ధం చెప్పను. కానీ బుగ్గలొచ్చాయి. అలాంటి బిడ్డను ఇంట్లో దాచుకుని కుమిలిపోతున్నవారెవరైనా ఉంటే, దేవుని నమ్మి తీసుకురండి, ఆ మేడం దగ్గరికి నేనే తోడొస్తాను. ఈ మధ్యాహ్నం ప్రేమవిందులో మా పాప పక్కనే కూర్చోండి. ఆమె ముద్ద నోట్లో పెట్టుకోగానే పాస్టరుగారితో సహా సంఘమంతా మాటలు ఆపేస్తుంది. గొంతు కదలగానే ఒక్కసారిగా అంటాం, "దేవునికే మహిమ!"