హద్దురాయి మీది పాచి

1964 ఎండాకాలంలో నన్ను బోధన్ తాలూకాకు సర్వేయర్‌గా వేశారు. చెరకు కొట్టేసి చేన్లు బోసిగా ఉన్నప్పుడే మాకు పని. పైరు నిలబడి ఉంటే అందులో కొలత గొలుసు లాగడం మా తరం కాదు. వచ్చీరాగానే లింగవ్వ అనే రైతు అర్జీ చేతికొచ్చింది. భర్త పోయిన మనిషి. పక్క చేను గంగారాం హద్దురాయిని ఆమె చేనులోకి జరిపాడనీ, దాంతో తన బావి అతని వైపు పోయిందనీ ఆమె ఫిర్యాదు. ఆ బావి లేకపోతే ఆమె చెరకుకు నీళ్ళు లేవు. వేరే ఆధారమూ లేదు.

వెళ్ళి చూస్తే రాయి బాగా పాతదిలాగే ఉంది. ఒళ్ళంతా బూడిదరంగు పాచి, మధ్య మధ్య పసుపు మచ్చలు. ఎండకు మాడే గుట్టల మీద, మంచు తడితోనే బతికే పాచి ఇది. పుస్తకాల్లో లైకెన్ అంటారు. మసాలాలో వేసే రాతిపువ్వుకు దగ్గరి చుట్టం. రూపాయి బిళ్ళంత మచ్చ కావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది.

"సూడున్రి సారూ, ఎంత పాసి వట్టిందో. మా తాత నాడు నాటిన రాయిది," అన్నాడు గంగారాం. ఊరి పటేల్ తలూపాడు. పాతకాలం సర్వేయర్లు హద్దురాయి కింద బొగ్గులు పోసేవారు, బొగ్గు మట్టిలో కుళ్ళదు గనక. రాయి మొదట్లో తవ్వించాను. బొగ్గులూ ఉన్నాయి. లింగవ్వ మొహం పాలిపోయింది.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. మట్టిలో ఉన్న భాగానికి కూడా పాచి ఉంది! వెలుతురు తగలని చోట ఈ పాచి పుట్టదు. అది ఇంకా ఊడిపోలేదంటే రాయిని పాతి ఎంతో కాలం కాలేదు. పాతదిగా కనపడాలని గుట్ట మీద నాలుగు పక్కలా పాచి పట్టిన రాయిని ఏరికోరి తెచ్చుకుని, కింద బొగ్గులూ తనే పోసుకున్నాడు పెద్దమనిషి.

"మీ తాత పాచిని గూడ మట్టిల నాటిండా?" అని అడిగాను.

అయితే పాచిని చూపించి హద్దు తేల్చడానికి వీల్లేదు. మాకు రుజువంటే కొలతే. టిప్పన్‌లో, అంటే చేను కొలతల పటంలో, గుట్ట కింది కదలని బండ మీద చెక్కిన సర్వే గుర్తు ఒకటి ఉంది. దూరమని అందరూ గొణిగినా అక్కడి నుంచే గొలుసు పట్టించాను. బావి లింగవ్వ వైపే తేలింది.

అసలు చోట కొత్త రాయి పాతించాం. తెల్లగా, నున్నగా ఉన్న దాన్ని ఆమె అనుమానంగా తడిమి చూసింది. "గింత కొత్త రాయిని రేపు ఎవలు నమ్ముతరు సారూ?" అంది. "రాయిని నమ్మకున్రి అవ్వా. మళ్ళ లొల్లయితే బండ కాడికెల్లి కొలువుమనున్రి," అన్నాను.

ఆ తర్వాత ఏ ఊళ్ళోనైనా గొలుసు విప్పే ముందు రాయి మొదట్లో మట్టి తీయించేవాణ్ణి. పాచి నాకు హద్దు చూపలేదు. ఏ రాయి నుంచి కొలవకూడదో చెప్పింది. మా పనిలో సగం అదే.