ఎవనిదని అడిగిన నోరు

ఇన్నేళ్లుగా ఒక్క మాటను మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. ఇవాళ మీ ముందు కక్కేస్తున్నాను. నన్ను ఓదార్చకండి, ఒళ్లు మండుతుంది.

మాది చెన్నూరు. మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తాడు. ఇంట్లో నేను, అత్త, పెళ్లికాని ఆడబిడ్డ స్వరూప. స్వరూప జాకెట్లు కుట్టేది. ఒకనాడు వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది.

"వదినె, నెల తప్పుతుంది. రొమ్ముల పాలొస్తున్నయ్. తలకాయ పగులుతుంది. జర దవాఖానకు తీస్కపో."

నెల తప్పిందంటే మా దగ్గర ఒకటే అర్థం. నేనేమన్నానో తెలుసా?

"ఎవనిది?"

అది నా చెయ్యి వదిలేసింది. మళ్లీ అడగలేదు. నెలల తరబడి దాని కడుపు వైపే చూశాను. కడుపు పెరగలేదు. అప్పుడైనా నాకు బుద్ధి రావద్దా? పరువు పోతుందని నోరు మూసుకున్నాను. ఎవరి పరువు? తలనొప్పి ఎందుకని అత్త అడిగితే, మిషను కుట్టీ కుట్టీ అని సర్దిచెప్పింది కూడా నేనే.

చివరికి పక్కనుంచి వచ్చే బండి కనబడక స్వరూప రోడ్డు మీద పడింది. కరీంనగర్‌లో స్కాన్ తీస్తే మెదడు కింద, పిట్యూటరీ గ్రంథిలో గడ్డ. నెల తప్పడం, పాలు రావడం దానివల్లేనట. పెరిగి పెరిగి చూపు నరాన్ని నొక్కేసిందట. ముందే తెస్తే మాత్రలతోనే చూపు దక్కేదేమో అన్నాడు డాక్టరు. గడ్డ ఒక్కటే పెరగదట. చుట్టూ ఉన్న కణాలను తనవైపు తిప్పుకుంటుందట, కాపలా కాయాల్సిన కణాలు కూడా ఒక్కోసారి దాన్నే సాకుతాయట. ఆయన కణాల సంగతి చెబుతుంటే నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది.

పాలు వస్తున్నట్టు ఇంట్లో చెప్పలేదా అని ఆయన అడిగాడు. స్వరూప నోరు తెరిచేలోపే నేనందుకున్నాను.

"మాకేం తెల్వది సార్."

మాత్రలకు గడ్డ కుంచించుకుపోయింది. పక్కచూపు తిరిగి రాలేదు. మా ఆయన సెలవుకు వచ్చినప్పుడల్లా, సిగ్గుపడి దాచుకుని నీ కండ్లు నువ్వే పోగొట్టుకున్నవని చెల్లెల్ని తిడతాడు. అది తలవంచుకుని వింటుంది. ఎందుకు వింటావే? నా పేరు చెప్పి నా మొహాన ఉమ్మరాదా? దాని మౌనం మీద కూడా నాకే కోపం. ఎంత సిగ్గులేని కోపం నాది!

ఇప్పుడు నేను పక్కన కూర్చున్నా దానికి కనబడను. ఊరంతా అది దాచుకుందనే అనుకుంటోంది. దాచుకోలేదు. చెప్పింది. నాకే చెప్పింది.

అనేశాను.