ఎండలో పెట్టిన సెల్లు

మా అత్త ఊళ్లో నన్ను పరిచయం చేసేటప్పుడు "మా కోడలు కరెంటు చదివింది" అంటుంది. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. మార్కాపురంలో ఒక కాలేజీలో ఆ పాఠాలే చెబుతాను. ఈ తేడా వివరించబోతే, "అయితే ఫ్యాను బాగుచెయ్యడం రాదా?" అని అడుగుతారు. రాదంటే పరువు పోతుంది. అందుకని కరెంటు చదివినదానిగానే ఉండిపోయాను.

బేస్తవారిపేట అవతల మా ఇంటికి ఎదురుగానే కాస్త బత్తాయి తోట ఉంది. దానికి ఒక బోరు. ఆ బోరు అరగంట నీళ్లు పోస్తుంది, తర్వాత గాలి పోస్తుంది. గంటన్నర ఆగితే మళ్లీ నీళ్లు ఊరతాయి. గాలి పోసేటప్పుడు ఆపకపోతే మోటారు కాలిపోతుంది. అందుకని పగలు త్రీఫేజు కరెంటు ఉన్నంతసేపూ అత్త స్టార్టరు పక్కనే కూర్చునేది. మోటారు వేయడం, నీళ్లు తెగగానే ఆపడం, ఊరేదాకా కాచుకోవడం, మళ్లీ వేయడం. కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడొస్తుందో తెలియదని మధ్యలో ఇంటికి వచ్చేది కాదు, పొద్దున వండింది క్యారేజీలో తీసుకుపోయి అక్కడే తినేది. మా ఆయన శ్రీశైలం దారిలో బస్సు నడుపుతారు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండరు. నేను పొద్దున పోతే సాయంత్రానికి వస్తాను. మామ పోయినప్పటి నుంచి ఆ స్టార్టరు అత్తదే.

పోయిన ఎండాకాలం అక్కడే వడదెబ్బ తగిలి పడిపోయింది. పక్క చేనువాళ్లు చూసి ఆటోలో గిద్దలూరు తీసుకుపోయారు. గుండె బలహీనంగా ఉందని, ఇంకోసారి ఎండలో ఇట్లా పడితే మనిషి దక్కదని డాక్టరు నాతో చెప్పాడు. ఆ మాట అత్తకు చేరవేశాను. శ్రద్ధగా విని, "తోట ఎండిపోతే మాత్రం దక్కుతానా?" అంది. వాదన అక్కడితో అయిపోయింది.

ఈ ఏడు ఎండలు ముదిరే లోపల నేనొక పెట్టె తయారుచేయడానికి కూర్చున్నాను. కాలేజీ పిల్లలు ప్రాజెక్టులకు వాడే చిన్న బోర్డు తీసుకున్నాను. మనం చెప్పిన టైముకు మోటారు వేయడం, ఆపడం దాని పని. చిక్కేమిటంటే, కరెంటు పోతే ఆ బోర్డుకు టైము గుర్తుండదు. మా వైపు కరెంటు ఎన్నిసార్లు పోతుందో దాన్ని తయారుచేసినవాళ్లకు తెలియదు. అందుకని దానికి విడిగా ఒక గడియారం మాడ్యూలు తగిలించాలి. అగ్గిపెట్టెలో పట్టేంత ముక్క అది. వెనకవైపు రూపాయి బిళ్లలాంటి సెల్లు ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారం ఆ సెల్లు మీద నడుస్తుంది.

కలపాల్సింది నాలుగు తీగలే. రెండు కరెంటుకు, ఒకటి టైము చెప్పడానికి, ఒకటి ఆ చెప్పేదానికి పాటకు వేసినట్టు తాళం వేయడానికి. ఏళ్ల తరబడి నేను క్లాసులో గీసి చూపిస్తున్న నాలుగు తీగలు. అత్త చిక్కుడుకాయలు వలుస్తూ చూస్తుండగా చివరి రెండూ తారుమారు చేశాను. చిన్న తెర మీద నూట అరవై అయిదో నెల అని పడింది.

"ఆ నెలలో ఏం పండగ వస్తది పాపా?" అంది అత్త.

తీగలు మార్చాక టైము సరిగ్గా వచ్చింది. ఆదివారం పెట్టెను స్టార్టరుకు బిగించాను. ఎప్పుడైనా మొరాయిస్తే చేత్తో వేసుకోవడానికి పాత స్విచ్చు అట్లాగే ఉంచాను. మోటారు నడుస్తోందో లేదో ఇంటి నుంచే కనపడేలా స్తంభానికి ఒక బల్బు కట్టాను. ఇక ఎండలోకి పోవద్దని, వసారాలో కూర్చుని బల్బు చూసుకుంటే చాలని అత్తకు చెప్పాను. పెట్టె మూత తీసి అన్నీ చూపించాను. సెల్లు చూపిస్తూ, దీని ప్రాణమంతా ఇందులోనే ఉంది అన్నాను. మాస్టార్లకు ఇట్లాంటి మాటలు అలవాటు.

ఆ వారమంతా సాయంత్రం రాగానే మొదట అడిగేది పెట్టె గురించే. "బంగారం మాదిరి పనిచేస్తాంది" అనేది అత్త. ఊరంతా చెప్పుకుంది. పక్కింటాయన వచ్చి, బర్రెలకు మేత వేసే పెట్టె కూడా చెయ్యగలవా అని అడిగిపోయాడు. నేను బాగా పొంగిపోయాను. అత్త ముఖం ఇంకాస్త నల్లబడినట్టు అనిపించింది కానీ, వసారాలో సెగ అనుకున్నాను.

మళ్లీ ఆదివారం వచ్చింది. గడ్డి కోసుకొస్తానని అత్త బయటికి పోయింది. నేను వసారాలో కూర్చుని నా బల్బును నేనే చూసుకుంటున్నాను. వెలగాల్సిన టైముకు వెలగలేదు. వెలగకూడని టైముకు వెలిగింది. చెప్పులేసుకుని తోటలోకి నడిచాను.

అత్త స్టార్టరు పక్కన, మామూలు చోటే కూర్చుని ఉంది. తల మీద తడి తువ్వాలు, పక్కన క్యారేజీ. నన్ను చూడలేదు. నేను పిలవబోతుండగా కరెంటు పోయింది, మోటారు ఆగింది. అత్త లేచి పెట్టె మూత తీసింది. తలలోంచి పిన్ను తీసి దాంతో సెల్లును పైకి లేపింది. కొంగుతో తుడిచింది. ఎండకు కాలుతున్న పలకరాయి ముక్క మీద దాన్ని పెట్టి, తానూ పక్కన ఎండలోనే కూర్చుంది. ఒక కాకి వస్తే అదిలించింది.

"ఏం చేస్తున్నావత్తా?"

ఉలిక్కిపడింది. అయినా తప్పు చేసిన ముఖం పెట్టలేదు.

"సెల్లుకు ఎండ చూపిస్తాన్నా. ప్రాణమన్నావు గదా. కరెంటు లేనప్పుడు దానికేం పని? ఊరికే అరిగిపోతదని తీసి పెడతాన్నా."

మా ఇళ్లలో టార్చిలైటుతో పని లేనప్పుడు సెల్లు తీసిపెడతారు. అవి నీరసపడితే ఎండలో పెడతారు, బలం వస్తుందని. నా చిన్నప్పుడు నేనూ పెట్టినదాన్నే. అత్త అంతకంటే జాగ్రత్తగా, రోజూ పెట్టింది. ఈ సెల్లుకు పని ఉండేది కరెంటు లేనప్పుడు మాత్రమే. సరిగ్గా అప్పుడే దాన్ని తీసేసింది. ఇంతలో కరెంటు వచ్చింది. తెర మీద రెండువేల సంవత్సరం, జనవరి ఒకటో తారీకు, అర్ధరాత్రి పన్నెండు. పెట్టెకు రోజూ అదే రోజు. అర్ధరాత్రి మోటారు వేయమని నేను దానికి చెప్పలేదు కాబట్టి అది వేయలేదు.

"ఎన్నాళ్ల నుంచి నువ్వే వేస్తున్నావు?"

"రెండోనాటి నుంచే. నువ్వు పోంగానే వస్తాన్నా."

"పనిచెయ్యట్లేదని నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాల? కాలేజీలో అంత మందికి చెప్పేదానివి. కూర్చోని, కండ్లు పోగొట్టుకోని నాకోసం చేసినావు. అది చెడిపోయిందని నా నోటితో నేను చెప్తానా?"

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమెను ఎండలోంచి ఇంటికి తేవడానికి నేను పెట్టె చేశాను. ఆ పెట్టె పరువు కాపాడటానికి ఆమె వారం రోజులు ఎండలో కూర్చుంది. అక్కడే పడిపోయి ఉంటే నేను కాలేజీలో ఆ నాలుగు తీగలు గీస్తూ ఉండేదాన్ని.

"ఈ సెల్లు కరెంటు పోయినప్పుడు డ్యూటీ చేస్తుందత్తా. కరెంటు ఉన్నప్పుడు దానికి సెలవు," అన్నాను.

అత్త సెల్లును రాయి మీంచి తీసి కొంగులో పట్టుకుంది. "అయితే డ్యూటీలో ఉన్నదాన్ని తెచ్చి ఎండలో కూర్చోబెట్టినా," అంది. "ఆ ముక్క మొదలే చెప్పొద్దా?"

చెప్పొద్దా అంటే చెప్పాల్సిందే. సెల్లు బిగించి, టైము సరిచేసి, ఇద్దరం ఇంటికి వచ్చాం. గడ్డి కోయలేదు.

మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉండగా అత్త ఫోను చేసింది. కాలేజీ టైములో ఆమె ఎప్పుడూ చేయదు. గిద్దలూరు డాక్టరు మాట గుర్తొచ్చింది.

"కరెంటు పోయి వచ్చింది పాపా."

"సెల్లు?"

"ముట్టుకోలా. బల్బు దానంతటదే ఎలిగింది. మళ్లా ఆరింది."

"నువ్వు ఎక్కడున్నావు?"

"వసారాలో. అన్నం తింటాన్నా."

ఫోనులో కంచం చప్పుడు వినిపించింది.

"వేడిగా ఉంది పాపా," అంది. "మీ మామ పోయినాక మధ్యాన్నం పూట వేడన్నం తినడం ఇదే మొదలు."