పదికి పది పుంజులే

ఫోన్లో డేటా రోజంతా అయిపోకుండా రావడం అప్పుడప్పుడే మొదలైన రోజులవి. నేను బందరులో డిగ్రీ చదువుతున్నానని ఇంట్లోవాళ్ళు అనుకునేవారు. నేను మాత్రం దివిసీమలోని మా ఊరికీ కాలేజీకీ మధ్య బస్సులో కూర్చుని లోకంలోని సమస్త విద్యలూ వీడియోల్లో నేర్చుకునేవాణ్ణి. వాటిలో వంటబట్టింది ఒక్కటే: గుడ్డును చూసి లోపలున్నది పుంజో పెట్టో చెప్పడం. సూత్రం చాలా చిన్నది. కొస మొనదేలి ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట. (మా నాయనమ్మ కూడా ఇదే చెప్పేది. కానీ నాయనమ్మ చెబితే మూఢనమ్మకం, ఫోన్ చెబితే సైన్సు.) వీధిలో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. గుడ్లు పొదిగి, పిల్లలు పెరిగి, పుంజో పెట్టో తేలేసరికి నెలలు పడతాయి కాబట్టి అన్నాళ్ళూ నా కీర్తికి ఢోకా లేకపోయింది. ఆ తరవాత నేనేం చెప్పానో ఎవరికీ గుర్తుండేది కాదు. "గుడ్ల సిద్ధాంతి" అని పేరు కూడా పెట్టారు. ఎగతాళికే పెట్టారని ఇప్పుడు తెలుస్తోంది గాని, అప్పుడు కాలరు సర్దుకునే తిరిగాను.

అలా ఉండగా ఒకరోజు చెరువు బావ మా ఇంటికొచ్చాడు. (చుట్టం కాదు. రొయ్యల చెరువున్న బావ కాబట్టి చెరువు బావ.) వాళ్ళ నాన్న జాతి కోళ్ళు పెంచడంలో పేరున్న మనిషి. ఆయన పోయాక కోళ్ళూ ఒకటొకటిగా తగ్గి, చివరికి డేగ రంగు పెట్ట ఒక్కటి మిగిలింది. బావ దాన్ని చెరువు గట్టు మీద చంటిపిల్లలా చూసుకునేవాడు. దాన్ని కాస్తా కుక్కలు పట్టుకుపోయాయి. ఈకలు తప్ప ఏమీ దొరకలేదు. వారం తిరక్కుండా అదే గట్టు మీద తుమ్మపొదలో పది గుడ్లు కనిపించాయట. తువ్వాల్లో మూటగట్టి తెచ్చి మా అరుగు మీద విప్పాడు.

"మా పెట్ట దాచిపెట్టుకుందిరా. ఇంక ఇయ్యే మిగిలినయ్. ఒక్క పుంజన్నా ఉంటే మా నాన్న జాతి నిలబడుద్ది. చూసి చెప్పు."

గుడ్లు చిన్నవి, లేత గోధుమ రంగు. ప్రతిదానికీ చక్కగా మొనదేలిన కొస. అంత శాస్త్రోక్తమైన గుడ్లు నేనెన్నడూ చూడలేదు.

"పుంజులే బావా. పదికి పది."

బావ తువ్వాలు కొసతో మొహం తుడుచుకున్నాడు. మా అమ్మ ఒక గుడ్డును గోటితో తట్టి, "పెంకేంట్రా ఇంత గట్టిగా ఉంది?" అంది. "జాతి పౌరుషం అమ్మా" అన్నాను. అప్పటికే పొదుగుకొచ్చి గంపలో కూర్చున్న మా పెట్ట కింద అమ్మ వాటిని సర్దింది. ఉరుములకు గుడ్లు పాడవకుండా పక్కన ఒక ఇనుప మేకు కూడా పెట్టింది.

కోడిపిల్ల బయటికొచ్చేది ఇరవై ఒక్క రోజులకి. బావ రోజూ రొయ్యలకు మేత చల్లడానికి వెళ్తూ మా గంప దగ్గర ఆగేవాడు. ఇరవై ఒకటో రోజు వచ్చింది, వెళ్ళింది. మర్నాడు కూడా ఒక్క గుడ్డూ చిట్లలేదు. "మురిగిపోయుంటయ్ రా. తిండి లేక పెట్ట ఎండిపోతంది, తీసేద్దాం" అంది అమ్మ. బావ గంప పక్కన గొంతుక్కూర్చుని, "ఇంకొక్క రోజు ఉంచు అత్తా" అన్నాడు, చావింట్లో మాట్లాడే గొంతుతో.

ఆ మాటకి నాకు మొదటిసారి భయం వేసింది. పుంజా పెట్టా అన్న సంగతి అలా ఉంచి, లోపల అసలు ప్రాణం ఉందో లేదో నాకు తెలియదు. ఒక గుడ్డు తీసుకుని, బావని వెంటబెట్టుకుని వడ్ల గదిలోకి వెళ్ళి, తలుపు మూసి, ఫోన్ టార్చి వెలిగించి గుడ్డును దాని మీద పెట్టాను. పెంకు ఎర్రగా వెలిగింది. పైన కాస్త ఖాళీ, కింద నల్లటి ముద్ద. ఆ ముద్ద అంచున ఏదో మెల్లగా తోసింది. ఆగింది. మళ్ళీ తోసింది. నా వేళ్ళ మధ్య, ఆ చిన్న పెంకులో, ఎవరో ఒత్తిగిలి పడుకుంటున్నారు. అన్ని వీడియోలు చూశాను గాని నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. మాట రాలేదు. (నాకు మాట రాని సందర్భాలు మా ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు.) బావ నా భుజం పట్టుకుని, "ఉన్నాడ్రా" అన్నాడు.

అమ్మ ఇక గంప జోలికి రాలేదు. మరో నాలుగైదు రోజులకి, పొద్దున్నే లోపల్నించి కిచకిచలు. ముగ్గురం చుట్టూ చేరాం. ఒక గుడ్డుకి చుట్టూరా పగులు వచ్చి, పైభాగం మూతలా లేచి, తడితల ఒకటి బయటికొచ్చింది. మధ్యాహ్నానికి ఎనిమిది పిల్లలు. ఒళ్ళంతా గోధుమరంగు, నలుపు చారలు. ఎర్ర ముక్కులు, ఎర్ర కాళ్ళు. అలాంటి కోడిపిల్లని మేమెవరం చూసి ఎరగం. అమ్మ దణ్ణం పెట్టుకుంది. నేను, "పాత జాతి లక్షణాలు బయటపడ్డాయి" అని నసిగాను.

సాయంత్రం పక్క చెరువాయన చూడ్డానికొచ్చి, "ఇయ్యి మా గినీ కోళ్ళ పిల్లలండీ. పాములు రాకుండా ఈ ఏడే తెచ్చి పెంచుతున్నాం గదా. ఎక్కడబడితే అక్కడ పొదల్లో పెట్టేస్తయ్" అన్నాడు. గినీ గుడ్లన్నిటికీ కొస మొనదేలే ఉంటుందనీ, పొదగడానికి ఇంకో వారం ఎక్కువ పడుతుందనీ ఆ తరవాత తెలుసుకున్నాను. పుంజో పెట్టో చెప్పే మొనగాణ్ణి, అది అసలు మన కోడి గుడ్డేనా అన్నది చూడలేదు. బావ వాళ్ళ నాన్న జాతి ఆ కుక్కలతోనే అయిపోయింది. బావ మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

బావ పిల్లల్నే చూస్తూ, "మీరు తీసుకెళ్తారా అండీ?" అని అడిగాడు. "పొదిగించుకుంది మీరు. మీరే ఉంచుకోండి" అన్నాడాయన. ఒక పిల్ల వచ్చి బావ బొటనవేలిని పొడిచింది. బావ కాలు తీయలేదు.

అవి పెద్దవై గట్టంతా వాటి అరుపులతో మోగిపోయింది. (గినీ కోళ్ళలో పుంజూ పెట్టా చూపులకు ఒకేలా ఉంటాయి. కాబట్టి నా జోస్యం ఇంకా బతికే ఉందని లోలోపల చిన్న ఆశ.) మరుసటి వానాకాలంలో బావ మళ్ళీ వచ్చి, నా ముందు అరుగు మీద వరసగా గుడ్లు పేర్చాడు.

"నీ పుంజులు పెట్టినయ్ రా" అన్నాడు. మొహంలో నవ్వు లేదు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికెళ్ళింది. నేను తలెత్తలేదు. మళ్ళీ బావే, "ఇయ్యి మా నాన్న జాతేనని ఊళ్ళో చెప్తున్నా. నిన్నెవరన్నా అడిగితే కాదనమాక" అన్నాడు.

తెలిసిందీ తెలియందీ కూడా ఊరంతా చాటి చెప్పిన ఆ సిద్ధాంతిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, వాడు నోరు మూసుకోవడం ఆ రోజే నేర్చుకున్నాడు. ఇప్పుడు మా ఊళ్ళో గినీ కోడిని గుర్తుపట్టలేని మనిషి లేడు. అయినా అవి నిజంగా బావ వాళ్ళ నాన్న జాతేనా అని ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు కూడా నన్ను అడగలేదు.