పూలమ్మ అడ్డ మీద కట్టిన హబ్బు

గోదావరిఖనిలో ఎండాకాలం వస్తే కాకి గుడ్డు పెట్టదు, నేరుగా ఆమ్లెట్ పెడుతుంది. అది కూడా నీడ వెతుక్కుని. షిఫ్టు బస్సులు ఆగే చౌరస్తాలో, పాత నీళ్ల ట్యాంకు గోడ వారగా ఒక చాపెడు నీడ ఉండేది. దాని కోసం కుక్కలు, ఆటోవాళ్లు, రెండు యూనియన్ల నాయకులు చాలాకాలం కొట్లాడుకున్నారు. చివరికి గెలిచింది పూలమ్మ.

గెలిచింది గంటెతో. భర్త సదయ్యకు బొగ్గుబాయిలో పైకప్పు కూలి మోకాలు నుజ్జయిన ఏడాది, ఆమె ఒక గిన్నెడు శనగ గుడాలు, అంటే పోపు పెట్టిన గుగ్గిళ్లు, ఒక తట్టెడు మక్కగారెలు తెచ్చుకుని ఆ గోడ కింద కూర్చుంది. కుక్కలకు గారె ముక్కలు వేసింది, ఆటోవాళ్లకు పొట్లాలు పెట్టింది, నాయకులకు గంటె చూపించింది. అంతటితో తగువు తీరింది. ఆమె వేసే ఎల్లిపాయ పోపు వాసన గాలివాటున రామగిరి దాకా పోయేదనీ, అక్కడి డంపర్లు వాటంతటవే ఇటు తిరిగేవనీ అంటారు. డంపర్ల సంగతి ఎలా ఉన్నా, మొదటి షిఫ్టు దిగిన మనుషులు మాత్రం ఇంటివైపు తిరిగేవాళ్లు కాదు.

అక్కడే నిలబడి తినేవాళ్లు. ఎవరికి ఏ బాయికి బదిలీ అయింది, ఎవరి క్వార్టర్ కురుస్తోంది, దవాఖానలో ఎవరికి నెత్తురు కావాలి, అన్నీ ఆ గోడ కిందే తేలేవి. పొద్దున కూలిపని వెతుక్కునేవాళ్లు కూడా అక్కడే నిలబడితే మేస్త్రీలు వచ్చి పిలుచుకుపోయేవాళ్లు. పదిమంది రోజూ కలిసే అలాంటి చోటును ఈ ప్రాంతంలో అడ్డ అంటారు. ఊరంతా దాన్ని పూలమ్మ అడ్డ అనేది.

ఆ అడ్డకు లోటు ఒకటే, ఆడవాళ్లకు మూత్రశాల లేదు. పూలమ్మా, పక్కన కూరగాయలమ్మే ఆడవాళ్లూ అంత ఎండలో గుక్కెడు నీళ్లు తాగడానికి కూడా భయపడుతూ కూర్చునేవాళ్లు. అందుకే చౌరస్తాలో "సమీకృత సముదాయ కేంద్రం" కడతామని, మార్కెట్టు, గ్రంథాలయం, దవాఖాన, అంగన్‌వాడీ, మూత్రశాలలు అన్నీ ఒకే కప్పు కిందికి వస్తాయని మున్సిపాలిటీ వాళ్లు మైకులో చెప్పినప్పుడు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది పూలమ్మే. అంత పేరు పలకడం చేతకాక జనం దాన్ని హబ్బు అన్నారు.

ప్రణాళిక వేసే ఒక ప్రైవేటు సంస్థ తరఫున శ్యామ్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఆఫీసరుగా చేసిన గోపాలరావు గారి మనవడు. పుట్టింది ఈ ఊళ్లోనే గానీ, బంగళాల గేటు దాటి చౌరస్తాకు నడిచి వచ్చినవాడు కాదు. చదువంతా బెజవాడ హాస్టళ్లలో సాగింది. కారు దిగి, చేతిలోని టాబ్లెట్టు మీద వేలు పెట్టి, గోడవైపు చూపించాడు.

"ఇక్కడేముందమ్మా?"

అదే సమయానికి షిఫ్టు బస్సు హారను కొట్టింది. పూలమ్మ గొంతు పెంచింది.

"గిది అడ్డ సారు! మస్తు ఏండ్ల సంది అడ్డనే!"

"అయ్యో, ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదా?"

"మమ్ముల ఎవలు పట్టించుకుంటరు బిడ్డా? నువ్వన్న జెర మంచిగ చెయ్యి."

"తప్పకుండా చేస్తామండీ. మీరు నిశ్చింతగా ఉండండి."

ఆ మాటకు మురిసిపోయి పూలమ్మ అతనికి పెద్ద పొట్లం గుడాలు కట్టిచ్చింది. అతను కారులో కూర్చుని, అద్దాలెత్తి, ఏసీ వేసుకుని తిన్నాడు.

మొదట కూలింది ఆ గోడే. దాని వెనకే హబ్బు లేచింది. పడమటి వైపు నిలువెత్తు అద్దాలు పెట్టారు. ఈ ఊళ్లో పడమటికి అద్దం పెట్టడమంటే పొయ్యికి కిటికీ పెట్టడమే. గ్రంథాలయంలో పుస్తకాలు రాకముందే సోఫాలు వచ్చాయి. ఆడవాళ్ల మూత్రశాల మాత్రం బ్రహ్మాండంగా ఉంది. దాని తాళం కూడా బ్రహ్మాండంగా ఉంది. ఎవరో పెద్దమనిషి వచ్చి ప్రారంభించేదాకా తియ్యరట. అడ్డ ఉన్న చోట కార్లు నిలపడానికి నున్నటి నేల పరిచి, చుట్టూ గొలుసు కట్టి, వాచ్‌మన్‌ను కూర్చోబెట్టారు. పూలమ్మకు మూడో అంతస్తులో, "రుచుల వీధి" అని బోర్డు పెట్టినచోట, ఒక గూడు ఇచ్చారు.

మొదటి రోజు లిఫ్టు ఆగిపోయింది. బస్సు దిగిన కొమురెల్లి, ఆమె గుడాలు తినే పెరిగిన గని కార్మికుడు, కింద రోడ్డు మీద నిలబడి అరిచాడు.

"అక్కా! పొద్దుగాల్నుంచి బాయిల దిగుడు, ఎక్కుడే అయింది. గుడాల కోసం మళ్ల మూడంతస్తులు ఎక్కాల్నా? పైకెల్లి ఇసిరెయ్, నోరు తెర్సి నిలవడ్త!"

అందరూ నవ్వి, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. గిన్నె నిండుగా ఇంటికి చేరింది. మర్నాడూ అంతే. "పైన ఎవలకు అమ్ముతున్నవే, పావురాలకా?" అన్నాడు సదయ్య. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ గిన్నె తిరిగొస్తే ఇంట్లో పొయ్యి వెలగదని అతనికీ తెలుసు.

పూలమ్మ తెల్లారి గిన్నె నెత్తిన పెట్టుకునే హబ్బు పై అంతస్తులో ఉన్న శ్యామ్ గదిలోకి పోయింది.

"సారూ, నా అడ్డ ఏది?"

శ్యామ్ ముఖం వెలిగింది. "తీసేశాం కదమ్మా!"

"తీసేసిండ్రా?"

"మీరేగా చెప్పారు, ఏళ్ల తరబడి అది అడ్డేనని! మా ప్రదర్శనలో మొదటి బొమ్మ మీదే. 'స్థానిక మహిళ కోరిక మేరకు అడ్డు తొలగింపు' అని కింద రాశాం."

పూలమ్మ చేతిలోని గంటెతో అతని బల్ల మీద ఒక్కటి కొట్టింది. ఆ చప్పుడుకు ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు కూడా ఆగిందంటారు. ఆ తరవాత పేలింది మాత్రం ఇక్కడే.

"అడ్డు గాదురా కొడుకా, అడ్డ! మనుషులు నిలవడే జాగ! మాట తెల్వకుంటె ఇంకొకల్ని అడగొద్దా? ఒక్కపూట మా పక్కపొంటి నిలవడితే నీకే ఎర్కయ్యేది గద!"

"పొరపాటు విన్నానమ్మా, బస్సు హారను..."

"చెవులకు హారను అడ్డమచ్చింది. కండ్లకు ఏమడ్డమచ్చింది? మేమంత అడ్డమంటె గంత జల్ది ఎట్ల నమ్మినవ్?"

శ్యామ్ చెమట తుడుచుకుని, "డిజైన్ ఖరారైపోయిందండీ, ఇప్పుడు మార్చలేం" అన్నాడు.

పూలమ్మ బయటికి వచ్చింది గానీ, భవనం బయటికి రాలేదు. కింది అంతస్తులో, చలువరాళ్ల హాలు నట్టనడుమ, లిఫ్టుకు ఎదురుగా గిన్నె దించి మూత తీసింది. ఏసీ గాలికి పోపు వాసన అన్ని అంతస్తులూ ఎక్కింది, లిఫ్టు లేకుండానే. షిఫ్టు బస్సు దిగినవాళ్లు అద్దాల తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. బూట్ల బొగ్గుపొడితో ఆ తెల్లటి నేల మీద గనుల మ్యాపు తయారైంది. కూరగాయల ఆడవాళ్లు కూడా గంపలతో వచ్చి సోఫాల్లో కూర్చున్నారు. పుట్టి బుద్ధెరిగాక అంత చల్లటి చోట బెండకాయలు అమ్మలేదన్నారు.

శ్యామ్ పరుగున దిగాడు. "అమ్మా, ఇది దారికి అడ్డం కదండీ!"

"ఔ బిడ్డా. గిప్పుడైంది అడ్డం. రెండింటికి ఫరక్ ఎర్కైందా?"

"రాసుకో సారూ," అన్నాడు కొమురెల్లి నోటినిండా గుడాలతో. "ఈసారి మంచిగ రాసుకో. నా ఫోటో గూడ వెయ్."

వాచ్‌మన్‌ను పిలిచారు, అతను కూడా ఒక పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. పోలీసులను పిలుస్తామన్నారు. "పిలువుండ్రి, వాళ్లకు సుత ఆకలైతది" అంది పూలమ్మ. మూత్రశాల తాళం తీస్తేనే మాట్లాడతామని కూరగాయల ఆడవాళ్లు పట్టుబట్టారు. ఆ సాయంత్రమే అది తెరుచుకుంది. పెద్దమనిషి రాలేదు, రిబ్బను లేదు, మూత్రశాలకు ఏ లోపమూ జరగలేదు.

గొలుసు తియ్యడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. ఆ కొన్నాళ్లూ పూలమ్మ హాలు వదల్లేదు. చివరికి శ్యామే వచ్చి, కార్ల చోటులో రోడ్డు వైపు సగం వాళ్లకు వదిలేస్తున్నట్టు చెప్పాడు. పూలమ్మ గిన్నెతో బయటికి వచ్చి చూసింది. నేల ఉంది. గోడ లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ నున్నటి నేల మీద పడి మళ్లీ లేచి ముఖాన కొడుతోంది.

"మరి నీడ?"

"కప్పు రెండో దశలో ఉందమ్మా. నిధులు రాగానే వేస్తాం."

"ఎండకు దశలు ఉంటయా బిడ్డా? అదైతే పొద్దుగాల్నే వచ్చి కూసున్నది."

ఆమె పక్కనున్న ఒక కూరగాయల గంపలోంచి టార్పాలిన్ తీసింది. ఒక కొసను పక్కనున్న కరెంటు స్తంభానికి కట్టించి, రెండో కొస తాడును కొమురెల్లికి ఇచ్చి హబ్బు ముఖద్వారం మీది స్టీలు అక్షరాలు చూపించింది. అతను నిచ్చెన ఎక్కి ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని కదిపి చూశాడు.

"అక్కా, సమీకృత ఊగుతున్నది. సముదాయ గూడ ఊగుతున్నది. కేంద్రమైతే చెయ్యి పెడితెనే ఊడొస్తున్నది."

"దిగు తమ్మీ. మీద వడ్తదేమో."

పూలమ్మ అతని చేతిలోని తాడు తీసుకుని, తెచ్చి శ్యామ్ చేతిలో పెట్టింది.

"గట్టిగ పట్టుకో బిడ్డా. రెండో దశ వచ్చేదాంక."